కొలెస్ట్రాలుకు వంటింటి వైద్యం – ఎంతవరకు?



గత వర్షాకాలంలో గుండెనొప్పితో ఒక రైతు మా వార్డుకు వచ్చారు. వయసు యాభై దాటింది. అంతకు ఏడాది ముందే ఆయన గుండె రక్తనాళంలో స్టెంటు వేసి, రోజూ వేసుకోమని కొలెస్ట్రాలు మాత్రలు ఇచ్చారు. "సంతలో వేర్ల పొడి కొన్నాను సిస్టరమ్మా. మాత్రలు వేడి చేస్తాయి, ఇది చెట్టు మందు, హాని లేదన్నారు" అని చెప్పారు. ఆరు నెలలుగా ఆయన మాత్ర ముట్టలేదు. ప్రాణం దక్కింది గాని గుండె బలం తగ్గింది. ఇప్పుడు పొలం గట్టు మీద నాలుగు అడుగులు వేస్తే ఆయాసం.

"మందులు లేకుండా కొలెస్ట్రాలు తగ్గదా?" అని ఓ.పి.లో మమ్మల్ని చాలామంది అడుగుతారు. కొందరికి తగ్గుతుంది, కొందరికి చాలదు. మనం ఏ కోవలో ఉన్నామో తెలుసుకోవాలి.

కొలెస్ట్రాలు అంటే ఏమిటి?

ఇది మైనం వంటి పదార్థం. శరీరానికి అవసరమే. ఎక్కువ భాగం మన కాలేయమే తయారు చేస్తుంది. అందుకే సన్నగా ఉన్నవారికి, మాంసం ముట్టనివారికి కూడా ఇది పెరగవచ్చు. ఎల్.డి.ఎల్. అనే చెడు కొలెస్ట్రాలు ఎక్కువైతే రక్తనాళాల గోడలలో పేరుకుంటుంది. నొప్పి ఉండదు, తల తిరగదు. రక్తపరీక్ష తప్ప తెలుసుకునే దారి లేదు.

మన ఊరి తిండిలోనే ఉన్న మేలు

మన పెద్దలు తిన్న జొన్న గట్క, రాగి జావ, కొర్రలు, సామలు, ఉలవచారు, బొబ్బర్లు, మునగాకు, చింతచిగురు మనకు ఇంటి మందులు. పప్పుధాన్యాలలో, కూరగాయలలో, పండ్లలో ఉండే ఒక రకం పీచు పేగులలో జిగురుగా మారి కొంత కొలెస్ట్రాలును బయటకు పంపుతుంది. రోజుకు ఒక పూటయినా తెల్లన్నం తగ్గించి వీటిని తినండి. గోదావరి చేపను వేపుడుగా కాక పులుసుగా వండుకోండి.

నూనె విషయంలో మేము చెప్పే లెక్క సులువు: మనిషికి నెలకు అర లీటరు. నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. అశ్వారావుపేట వైపు పామాయిలు తోటలు మనకు జీవనాధారమే. కాని పామాయిలులో దాదాపు సగం గడ్డకట్టే రకం కొవ్వే. చలికి పేరుకునే ఇప్పనూనె, నెయ్యి, వనస్పతి కూడా తక్కువగా వాడాలి. బజ్జీలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచవద్దు.

రోజుకు అరగంట చురుకుగా నడవండి. తునికాకు కోతకు అడవిలో తిరిగే రోజుల్లో ఉండే నడక, మోటారు సైకిలు వచ్చాక చాలామందికి పోయింది. బీడీ, చుట్ట, గుట్కా మానండి. సారా, కల్లు ఎక్కువైతే రక్తంలో మరొక రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి.

ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే చెడు కొలెస్ట్రాలు సాధారణంగా నూటికి పది, పదిహేను వంతులు తగ్గుతుంది. కొద్దిగా పెరిగిన వారికి ఇది చాలవచ్చు.

చెట్టు మందు అయితే హాని లేదా?

ఆయుర్వేదంలో వాడే గుగ్గులు కొలెస్ట్రాలుకు మంచిదని పేరు. 2003లో అమెరికాలో 103 మందితో చేసిన పరీక్షలో చెడు కొలెస్ట్రాలు తగ్గకపోగా కొంచెం పెరిగింది. కొందరికి ఒంటిపై దద్దుర్లు వచ్చాయి. మెంతులు, వెల్లుల్లి కూరలో వేసుకోవడం మంచిదే, మాత్రకు బదులు మాత్రం కావు. సంతలో అమ్మే పొడిలో ఏమి కలిపారో అమ్మేవారికే తెలియకపోవచ్చు.

మరొక మాట. స్టాటిన్ అనే ఈ మాత్రల మూలం కూడా ప్రకృతిలోనిదే. 1970లలో జపాను శాస్త్రవేత్త అకిరా ఎండో ఒక బూజులో దీనిని కనుగొన్నారు. ఈ మాత్రలు మోతాదును బట్టి చెడు కొలెస్ట్రాలును నూటికి ముప్ఫై నుండి యాభై వంతులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తగ్గిస్తాయి.

మాత్ర మానకూడని వారు

గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు తిండి ఎంత మార్చుకున్నా మాత్ర మానకూడదు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం ఎల్.డి.ఎల్. మామూలు వారికి 100 లోపు, ఇటువంటి వారికి 55 లోపు ఉండాలి. పథ్యం ఒక్కదానితో అంత తగ్గడం చాలా అరుదు. షుగరు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిన కుటుంబాలవారు డాక్టరును తప్పక అడగండి.

మాత్ర వలన కండరాల నొప్పులు వస్తే చెప్పండి. మోతాదు మార్చవచ్చు, వేరే మందు ఇవ్వవచ్చు. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు ముందే తెలపండి.

ఇంట్లో ఏ పొడి, ఏ కషాయం వాడుతున్నా దాచవద్దు. మేము కోప్పడము. వచ్చేటప్పుడు మాత్రల అట్టతో పాటు ఆ పొట్లాన్ని కూడా సంచిలో వేసుకుని రండి. ఆ రైతు ఇప్పుడు ప్రతి నెలా మాత్ర కోసం వస్తున్నారు, మధ్యాహ్నం జొన్న గట్క తింటున్నారు. రెండూ కావాలని ఆయనే ఇప్పుడు పక్క మంచం వారికి చెబుతున్నారు.