రాయి రంగు చూసి పేరు పెట్టొద్దు

విజ్ఞాన ప్రదర్శన కోసం పిల్లలు రాళ్ళు తేవడం మొదలైంది. పోయిన ఏడు మన బల్లమీద ఒక నల్లరాయికి 'మాగ్నటైట్' అని చీటీ పెట్టాం. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన అయస్కాంతం దగ్గర పెడితే అది అంటుకోలేదు. తెచ్చిన పిల్లవాడు చిన్నబోయాడు. తప్పు వాడిది కాదు, సరిచూడని మాది. అందుకే ఈసారి ముందే రాస్తున్నాం.

ఖనిజం అంటే ప్రకృతిలో తనంతట తాను ఏర్పడిన ఘనపదార్థం. అందులో ఏమేమి ఉండాలో, లోపల అణువులు ఎలా అమరాలో ఒక పద్ధతి ఉంటుంది. శిల అంటే సాధారణంగా కొన్ని ఖనిజాల కలయిక. మన బళ్ళారి కోటగుట్ట గ్రానైటు శిల. అందులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం వంటి ఖనిజాలు కలిసి ఉంటాయి. వంటింట్లో ఉప్పు కూడా ఖనిజమే. చక్కెర మాత్రం కాదు, అది చెరకునుంచి వచ్చింది.

ఇక ఆ నల్లరాయి సంగతి. అది హెమటైట్, సండూరు కొండల ఇనుప ఖనిజం. ఒక్కోసారి ఉక్కులా మెరుస్తుంది, ఒక్కోసారి ఎర్రమట్టిలా ఉంటుంది. రంగు నమ్మితే రెండూ వేరనుకుంటాం. బాత్రూం టైలు తిరగేసి, నునుపు లేని వైపు గీసి చూడండి. రెండూ ఎర్రటి గీతే గీస్తాయి! మాగ్నటైట్ అయితే గీత నల్లగా పడుతుంది, అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. ఈ గీతనే స్ట్రీక్ అంటారు. అంటే అది రాయి పొడి రంగు. ఖనిజం లారీల వెనక లేచే దుమ్ము ఎర్రగా ఎందుకుంటుందో, గోడలకు పూసే జాజు ఎర్రగా ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమయ్యుంటుంది. స్వచ్ఛమైన హెమటైట్‌లో బరువు లెక్కన 70 శాతం దాకా ఇనుమే. తోరణగల్లులో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టింది ఊరికే కాదు.

తర్వాత గట్టిదనం. 1812లో మోస్ అనే ఆయన 1 నుంచి 10 దాకా వరస పెట్టాడు: టాల్క్ 1, వజ్రం 10. మన గోరు సుమారు రెండున్నర. గోటితో గీస్తే బలపపు రాయి మీద గీత పడుతుంది, పలుగురాయి మీద పడదు. పలుగురాయే గాజును గీస్తుంది (కిటికీ అద్దాల మీద ప్రయోగాలు వద్దు). బరువు కూడా చెయ్యి పట్టేస్తుంది. ఒకే సైజు ముక్కలైతే, హెమటైట్ పలుగురాయికి దాదాపు రెండింతలు తూగుతుంది.

ఏటా ఒకరిద్దరు "టీచర్, బంగారం దొరికింది" అని వస్తారు. పొరలు పొరలుగా ఊడితే అది అభ్రకం, అందుకే పెద్దలు కాకిబంగారం అన్నారు. సుత్తితో కొడితే పొడైపోయి, గీత నల్లగా పడితే పైరైట్. బంగారం పగలదు, సాగుతుంది. రాయచూరు జిల్లా హట్టి గనిలో కూడా టన్ను రాయికి వచ్చేది కొన్ని గ్రాములే. కాబట్టి మెరిసే రాయి చూపించి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

తల్లిదండ్రులకు: గని గుంతల దగ్గరికి, ఖనిజం కుప్పల దగ్గరికి పిల్లల్ని పంపొద్దు. రాళ్ళు ఇంట్లో పగలగొట్టొద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. హంపిలో చిన్న ముక్క కూడా తీయకూడదు. ఆమ్లంతో చేసే పరీక్ష బడి ల్యాబులో టీచరే చేస్తారు.

ఒక్కొక్కరు ఒకే రాయి, ఎక్కడ దొరికిందో రాసిన చీటీతో, శనివారం లోపల తెండి. పేరు రాయకండి, బల్ల దగ్గర గీసి చూశాక కలిసి రాద్దాం.