బేగంబజారులో వేరు కాపురము

తెలంగాణ పల్లెలలో పెండ్లి కుదిరినదన్న మాట వినబడగానే ‘సామానుకు బేగంబజారు పోవలె’నను మాట వెంటనే వినబడును. బిందెలు, గంగాళములు, తాంబాళములు, డబ్బాలు, పప్పుదినుసులు, పసుపు కుంకుమలు అన్నియు అచ్చటనే చవుకగా దొరకునని మన స్త్రీల నమ్మకము. అది చాలవరకు నిజమే. ఆ బజారునుండి సామాను కొనిపోవువారిని గూర్చి మేము వేరుగ చెప్పనక్కరలేదు. ఆ బజారులోనే, దుకాణములపైనున్న మేడగదులలో, క్రొత్తగా కాపురము పెట్టుకొను దంపతులును కలరు. వారి యిల్లు దిద్దుకొనుటను గూర్చి యీ మాసమున కొంత వ్రాయదలచితిమి.

రెండవ అసఫ్‌జా యగు నిజాం ఆలీఖాను గారి భార్య హమ్దా బేగము ఈ నేలను వర్తకులకిచ్చెననియు, అందుచే నీ పేరు వచ్చెననియు చెప్పుదురు. మూసీకి ఉత్తరపు గట్టున, అఫ్జల్‌గంజునకు చేరువగా నున్న యీ పేటలో మార్వాడీ, గుజరాతీ వర్తకులు తరతరములుగా స్థిరపడియున్నారు. క్రింద అంగడి, పైన నివాసము, నడుమ చిన్న వాకిలి – పాత యిండ్ల పోకడ యిది. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగి నదీతీరపు పేటలను ముంచివేసిన పిమ్మట, 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి ఇరుకు వాడలను విప్పి, గాలి వెలుతురుగల యిండ్లను కట్టింప మొదలిడెను. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. ఊరంతకును మొదట కావలసివచ్చినవి గాలి, వెలుతురు, మంచినీరు. రెండుగదుల యింటికిని అంతే.

మే మెరిగిన యొక జంట గత మాఘమాసమున ఇట్టి మేడలో రెండుగదులు, ఒక వంటయిల్లు అద్దెకు తీసికొనిరి. భర్త యొక టోకువర్తకునియొద్ద లెక్కలు వ్రాయును. భార్య చేరువ బడిలో ఉపాధ్యాయిని. నల్లగొండ ప్రాంతపు ఉమ్మడి కుటుంబమునుండి వచ్చినవారు. అమ్మాయి అప్పటికి నాలుగవ నెల గర్భవతి. పెండ్లి చదివింపులలో మిగిలిన సొమ్ము వారిచేత నుండెను. ఆ సొమ్ముతో పైకప్పునకు క్రింద మరియొక తేలిక కప్పు వేయించి దానిలో రంగుదీపములు పెట్టింపవలెననియు, నేలకు మెరయు టైల్సు పరపింపవలెననియు అబ్బాయి కోరిక. ‘నలుగురు చుట్టాలు వచ్చి చూచిన యేమందురు?’ అని అత్తగారును అదే పాట. అమ్మాయి మాత్రము, ‘అత్తమ్మా, చుట్టాలు రెండుదినాలుండి పోతరు, మేము దినాము ఉండవలె. ముందు ఒక మేస్త్రికి చూపిద్దాం’ అన్నదట. ఆ మాట యెంత మేలు చేసినదో చెప్పుటకే యీ వ్యాసము.

మేస్త్రి మొదట టైల్సు మాటను త్రోసివేసెను. ఆ గదులకు షాబాదుబండల నేల కలదు. నేడు కర్ణాటకములో చేరియున్న షాబాదునుండి నిజాం కాలమున హైదరాబాదునకు వచ్చిన నున్నని బూడిదరంగు రాయి అది. వేసవిలో చల్లగా నుండును, నీటికి చెడదు. దానిపై ఒకటిన్నర అంగుళముల సిమెంటు పరుపును, ఆపై టైల్సును పరచినచో, పది యడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవుగల యొక్క గదిలోనే ఇంచుమించు ఒక టన్ను బరువు అదనముగ చేరును. క్రింద పాత దూలములు. వాని క్రింద దుకాణములో మనుష్యులు. పాత మేడపై బరువు పెంచుటకు ముందు ఇంజనీరునకు చూపక తప్పదని సోదరీమణులు గుర్తుంచుకొనవలెను. ఆ దంపతులు బండల సందులలోని పాత మట్టిని గోకి, తిరిగి సన్నముగ పూడ్పించి, నేలను రాతితో రుద్దించిరి. ఖర్చు కొద్ది. ఇప్పుడు ఆ నేల అద్దము కాకపోయినను, కాలు జారనిది.

రెండవది పడమటి గోడ. క్రింది రెండడుగులు చెమ్మయెక్కి, సున్నము పొరలుపొరలుగ ఊడి, ఉప్పు పొంగియుండెను. దానిని పలకలతో కప్పివేయుడని యొకరు, సిమెంటు పూయుడని యొకరు సలహా చెప్పిరి. పాత యిండ్ల గోడలు ఇటుక, రాయి, గానుగసున్నముతో కట్టినవి. వానిలోనికి చేరిన తడి సున్నపు పూతగుండ మెల్లగ వెలికి ఆరిపోవును. సిమెంటు పూత ఆ దారిని మూసివేయును. తడి లోపలనే యుండి మరింత పైకెక్కును. పలకల వెనుక బూజు పట్టును, పురుగు చేరును. కనుక చెమ్మ యెచ్చటినుండి వచ్చుచున్నదో ముందు చూడవలెను. ఇచ్చట ప్రక్క వాటాలోని స్నానపుగది గొట్టము కారుచుండెను. ఇంటి యజమానురాలగు మార్వాడీ పెద్దావిడ, ‘బేటీ, అది మా పని’ అని తానే బాగుచేయించినది. అందరు యజమానులు అట్లుండరు లెండు. గొట్టము బాగైన పిదప గోడను రెండు నెలలు ఆరనిచ్చి, సున్నముతోనే మెత్తి, పలుచగ మూడుపూతలు వెల్లవేయించిరి. వెల్లసున్నమును గుడ్డతో వడగట్టి, కొంచెము తుమ్మబంక కలిపినచో చేతికంటదు. పచ్చిసున్నము కంటబడిన చూపునకే మోసము. ఆ పని జరుగునపుడు పిల్లలను దగ్గరకు రానీయరాదు.

ఇక తలుపులు. ఇది అన్నిటికంటె ముఖ్యము గనుక కొంచెము విరివిగ వ్రాయుచున్నాము. పాత టేకు తలుపులపై ఆకుపచ్చ, నీలము, తెలుపు రంగులు పొరపై పొర యుండును. ఆ పాత రంగులలో సీసము కలిసియుండుట మెండు. మనదేశములో ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో నిబంధన చేసిరి. అది 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి రంగులకు ఆ కట్టుబాటు లేదు. పొడిగా గీకినపుడు లేచు ధూళి శ్వాసతోను, చేతి ముద్దతోను కడుపులోనికి పోవును. గర్భిణి రక్తమునుండి సీసము శిశువునకు చేరును. ఎదుగు పిల్లల మెదడునకు అది కీడుచేయును. ఇంటిని తానే దిద్దుకొనవలెనను ముచ్చటతో ఆ అమ్మాయి గరుకుకాగితము చేతబట్టినది. సమయమునకు ఆమెతోడి ఉపాధ్యాయిని వచ్చి వారించినది. రంగు గీకు నాలుగుదినములును ఆమెను తల్లిగారింటికి పంపిరి. పనివాడు నోటికి ముసుగు కట్టుకొని, తలుపును తడుపుచు గీకెను. రాలిన పెచ్చులను కాల్చక, గుడ్డలో మూటగట్టి పారవేసి, నేలను చీపురుతో నూడ్వక తడిగుడ్డతో మూడుమారులు తుడిచిరి. చెడని రంగు గట్టిగ నంటియున్నచో దానిని కదల్పక పైన క్రొత్తపూత వేయుటయే మేలు.

కరెంటు తీగలను గూర్చి రెండే మాటలు. గుడ్డ చుట్టిన పాత తీగలు ఎచ్చటనైన నున్నచో మారు మాటలేక తీసివేయింపవలెను. ఎర్తు తీగ యుండవలెను. 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే ప్రవాహమును తెగగొట్టు ఆర్.సి.సి.బి. యను సాధనమును పెట్టించుకొన్నచో తడిచేతితో మరతాకినను ప్రాణము దక్కుట కవకాశ మెక్కువ. క్రింద అట్టపెట్టెలు, ప్లాస్టికు సామాను నిండిన గిడ్డంగి యుండు మేడలలో మెట్లే దిక్కు; ఆ మెట్లపై మన పాత మంచమును గాని, వారి సరుకును గాని పెట్టనీయరాదు. ఇందు మొగమాటము పనికిరాదు. రంగుదీపముల కప్పునకై యుంచిన సొమ్ము చాలవరకు ఈ తీగలకే పోయినది. అబ్బాయి కొంత చిన్నబుచ్చుకొన్నమాట నిజము.

వంటయిల్లు ఆరడుగుల వెడల్పుది. గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలబారుగ నిలుచును. కావున పొగ పోవుటకు పైన పంకా పెట్టుటతో సరిపెట్టక, తలుపు అడుగుననో గోడ క్రిందనో ఒక సందు ఉంచవలెను. ఇత్తడి గిన్నెలలో పులుసు కాచువారు కళాయి అరిగినదేమో చూచుకొనవలెను. అరిగినచో చింతపండు పులుపు లోహమును కరగించును. కళాయి వేయువారు మునుపటివలె వీథివీథికి రాకున్నను, పాత్రల అంగళ్లలో అడిగిన దారి చెప్పుదురు.

అలంకారము మాటకు వచ్చితిమి. ఒకటిన్నర అడుగుల మందపు గోడలలో గూళ్లు కలవు. వానిని పూడ్చివేయక తెల్లగ వెల్లవేసి, పుస్తకములకు, దీపమునకు, ఉప్పు కారములకు వాడుకొనుచున్నారు. బీరువా ఖర్చు సగము తగ్గినది. వీథి కిటికీ యెదుటి గోడకు నిలువుటద్దము పెట్టగా పగటివేళ దీపముతో పనిలేకపోయినది. వీథివైపు గదిలో రాత్రివేళ సరుకు దింపు చప్పుడు, మిరపకాయల ఘాటు. కనుక పడక వాకిలివైపు గదిలో. టేకు అల్మార యొకటి జుమ్మేరాత్ బజారులో పాతసామానుల నడుమ దొరకినది. అచ్చటి బేరము గురువారపు బేరము, ఓపిక కావలెను. వెనుకప్రక్క తట్టి చూడవలెను. సన్నని పొడి రాలినచో పురుగు బ్రతికియున్నదన్నమాట, ఎంత చవుకైనను వలదు.

అద్దె యింటిలో ఒక మెలకువ. అద్దె పత్రమును సాధారణముగ పదునొకండు నెలలకు వ్రాసికొందురు.  ఈ దంపతులు తీగల ఖర్చును అద్దెలో నెలకింత తగ్గించునట్లు ముందుగనే కాగితముపై వ్రాయించుకొనిరి. అల్మార, అద్దము, పంకాలు, ఆర్.సి.సి.బి. తమవి, పోవునపుడు తీసికొనిపోవుదురు.

తొలకరి వాన కురిసిన మరునాడు, శ్రీమంతమునకు పుట్టింటికి బయలుదేరబోవుచు, అమ్మాయి పడమటి గోడపై అరచేయి పెట్టి చూచినదట. పొడిగా నున్నది. అత్తగారును చేయి పెట్టి చూచి, ‘సరే, ఇగ తెరలకు గుడ్డ తెత్తాం పా’ అని కోడలిని వెంటబెట్టుకొని సుల్తాన్‌బజారునకు నడచినది.