సయ్యద్ ముహమ్మద్ జౌన్‌పురి - మహ్దీత్వ వివాదము

సయ్యద్ ముహమ్మద్ జౌన్‌పురి (1443 - 1505) ఇస్లాం మతములోని మహదవీయ శాఖకు మూలపురుషుడు. అంత్యకాలమునకు ముందు వస్తాడని ముస్లిములు ఎదురుచూసే 'మహ్దీ' తానేనని ఈయన ప్రకటించాడు. ఆ ప్రకటన నిజమా, కాదా అన్న వాదము ఐదు వందల ఏళ్ళుగా సాగుతూనే ఉంది. ఈ శాఖకు గల ముఖ్య నివాసములలో హైదరాబాదు ఒకటి. నగరములోని చంచల్‌గూడ, ముషీరాబాదు ప్రాంతములలో మహదవీయులు తరతరాలుగా నివసిస్తున్నారు. గుజరాత్‌లోని పాలన్‌పూర్, కర్ణాటకలోని చన్నపట్న ఈ శాఖ వారు ఉండే ఇతర ప్రదేశములు.

వివాదము ఏమిటి

ముహమ్మద్ ప్రవక్తయే చివరి ప్రవక్త అన్నది ముస్లిములందరి విశ్వాసము. ఆయన తరువాత ఎవరైనా తాను ప్రవక్తనని చెప్పుకుంటే చర్చకు తావే ఉండదు. కాని మహ్దీ విషయము వేరు. 'మహ్దీ' అనగా సన్మార్గము చూపబడినవాడు. అతడు ప్రవక్త కాడు, కొత్త గ్రంథమును తేడు. ప్రవక్త వంశములో పుట్టి, ధర్మమును పునరుద్ధరిస్తాడని నమ్మకము. కనుక ఎవరైనా "నేనే మహ్దీని" అన్నప్పుడు ఆ మాటను పరీక్షించక తప్పదు.

జౌన్‌పురి ప్రవక్తనని చెప్పుకోలేదు, షరీఅత్‌ను మార్చలేదు. అందువలన తమది వేరే మతమంటే మహదవీయులు ఒప్పుకోరు. అయితే వారి దృష్టిలో ఆయన దైవ ప్రతినిధి, దోషరహితుడు, వలీల పరంపరకు ముగింపు. ఆయనను నిరాకరించడము అవిశ్వాసమేనని ఆయన శిష్యుడు, అల్లుడు అయిన సయ్యద్ ఖుంద్‌మీర్ రచించిన 'అఖీదా షరీఫా' చెబుతుంది. మహదవీయులు ఇతర ఇమాముల వెనుక నమాజు చేయకపోవడమునకు కారణము ఇదే. మరొక పక్షము నుండి చూస్తే, మహ్దీ కానివానిని మహ్దీ అనడము, పైగా దానిని విశ్వాసములో భాగము చేయడము ఘోరమైన తప్పు. నడిమి మార్గమునకు చోటు చాలా తక్కువ. వాదములో తీవ్రత అంతా ఇక్కడి నుండి పుట్టింది.

జీవితము, ప్రకటనలు

ఈయన షర్ఖీ సుల్తానుల రాజధాని జౌన్‌పూర్‌లో జన్మించాడు. చిన్న వయసులోనే పండితుడని పేరు పొందాడు. షర్ఖీ రాజ్యము లోడీల చేతిలో కూలిన తరువాత కుటుంబముతో, శిష్యులతో ఊరు విడిచి చందేరి, మాండు, చంపానేర్, దౌలతాబాద్, అహ్మద్‌నగర్, బీదర్, గుల్బర్గా మీదుగా దక్కనులో ప్రయాణించి, సముద్రమార్గములో మక్కా చేరాడు. అక్కడ హిజ్రీ 901 (1495-96)లో కాబా సన్నిధిలో తన మహ్దీత్వమును మొదటిసారి ప్రకటించాడు. వెంట ఉన్న కొద్దిమంది తప్ప మక్కాలో ఎవరూ పట్టించుకోలేదు.

తిరిగి వచ్చి అహమదాబాదులో రెండవసారి, పాటన్ సమీపములోని బడ్లీ గ్రామములో హిజ్రీ 905 (1499)లో మూడవసారి ప్రకటించాడు. గుజరాత్‌లో నిలువనీయకపోవడముతో సింధు, కాందహారుల మీదుగా నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని ఫరాహ్ చేరి, 1505లో అక్కడే మరణించాడు. సమాధి కూడా అక్కడే ఉంది.

హిజ్రీ శకము వెయ్యవ ఏటికి (1591-92) చేరువవుతున్న కాలమది. అంత్యకాలము దగ్గర పడిందన్న భావన విస్తారముగా ఉండేది. చరిత్రకారులు ఈ ఉద్యమ వ్యాప్తికి దీనినొక కారణముగా చెబుతారు. ఇది జనము ఎందుకు విన్నారో చెబుతుందే గాని, ఆయన మాట నిజమో కాదో తేల్చదు.

లక్షణములపై వాదము

మహ్దీని గుర్తించడానికి హదీసులలో కొన్ని లక్షణములు ఉన్నాయి. అతని పేరు ప్రవక్త పేరే అయి ఉండాలి. తండ్రి పేరు ప్రవక్త తండ్రి పేరైన అబ్దుల్లా కావాలి. ఫాతిమా సంతతివాడై ఉండాలి. కాబా వద్ద ప్రజలు అతనికి విధేయత ప్రకటించాలి. అన్యాయముతో నిండిన భూమిని అతడు న్యాయముతో నింపాలి. ఇవి అబూ దావూద్, తిర్మిజీ, ఇబ్న్ మాజా సంకలనములలో కనిపిస్తాయి. బుఖారి, ముస్లిం సంకలనములలో మహ్దీ అన్న పేరుతో స్పష్టమైన హదీసు లేదు. 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఈ హదీసుల ప్రామాణికతను ఒక్కొక్కటిగా శంకించాడు.

ప్రత్యర్థులు మొదట పట్టుకున్నది తండ్రి పేరును. జౌన్‌పురి తండ్రి 'సయ్యద్ ఖాన్'గా ప్రసిద్ధుడు. అది బిరుదమనీ, అసలు పేరు సయ్యద్ అబ్దుల్లాయేననీ మహదవీయుల సమాధానము. ఇన్ని శతాబ్దముల తరువాత దీనిని తేల్చడము ఎవరి తరమూ కాదు. నిజానికి ఇది బలహీనమైన ఆక్షేపణ. ముహమ్మద్, అబ్దుల్లా అన్న పేర్లు కలిసినంత మాత్రాన ఎవరూ మహ్దీ కారని రెండు పక్షములూ అంగీకరిస్తాయి.

బలమైన ఆక్షేపణ న్యాయము గురించినది. జౌన్‌పురికి రాజ్యము రాలేదు. ఆయన బహిష్కృతుడై పరదేశములో మరణించాడు. భూమి న్యాయముతో నిండలేదు. దీనికి మహదవీయులు రెండు విధములుగా జవాబు చెప్పారు. ఒకటి: అది వినగోరే హృదయములను న్యాయముతో నింపడమే గాని, భూమండలమును ఏలడము కాదు, ప్రవక్తల కాలములో సైతము మానవులందరూ మారలేదు. రెండు: మహ్దీ హదీసులు ఒకదానితో ఒకటి విభేదిస్తాయి, వాటిలో చాలా వరకు ఏకవ్యక్తి కథనములు, విశ్వాసమునకు అవి నిశ్చయమైన ఆధారము కాజాలవు. కాబట్టి ముందుగా హదీసులను పేర్చి మనిషిని కొలవకూడదు. మనిషి సత్యవంతుడని రూఢి అయితే, ఏ హదీసులు అతనిలో నెరవేరాయో అవే సరియైనవని తెలుస్తుంది.

రెండవ జవాబు చిత్రమైనది. కొలబద్దనే కొలవబడే వస్తువును బట్టి నిర్ణయించమన్నట్లు ఉంటుంది. అయితే, మనిషి సత్యవంతుడని రూఢి చేసుకొనే మార్గమేది? శీలము, అని వారు చెబుతారు. ప్రవక్తలను వారి కాలపు జనము గుర్తించింది కూడా ఇలాగే అని వారి వాదము. ముహమ్మద్ ప్రవక్తను గురించి రోమను చక్రవర్తి హెరాక్లియస్ విచారించినట్లు బుఖారి సంకలనములో ఉన్న ప్రశ్నలు - ఎప్పుడైనా అబద్ధమాడాడా, మాట తప్పాడా, వెంట నడిచేది పేదలా ధనికులా - ఈ తరహాకు చెందినవే.

అలీ ముత్తఖీ, సజావందీ

ఈ వాదము శాస్త్రీయ రూపము పొందినది రెండు అరబీ గ్రంథములలో. బుర్హాన్‌పూర్‌లో పుట్టి మక్కాలో స్థిరపడిన షేక్ అలీ ముత్తఖీ (మరణము 1567) 'కన్జుల్ ఉమ్మాల్' అనే బృహత్ హదీసు సంకలనమును కూర్చిన పండితుడు. ఈయన మహ్దీ లక్షణములను గురించిన హదీసులను 'అల్ బుర్హాన్' అనే గ్రంథములో సమకూర్చి, జౌన్‌పురికి అవి వర్తించవని నిరూపించ యత్నించాడు. నాలుగు న్యాయ సంప్రదాయములకు చెందిన మక్కా ముఫ్తీల నుండి మహదవీయులకు వ్యతిరేకముగా ఫత్వాలు తీసుకొని అందులో చేర్చాడు. పశ్చాత్తాపపడని వారిని శిక్షించమని ఆ ఫత్వాలు పాలకులను కోరాయి. దీనికి మహదవీయుల పక్షమున అబ్దుల్ మలిక్ సజావందీ 'సిరాజుల్ అబ్సార్' పేరుతో ఖండన వ్రాశాడు. శీలమే ప్రమాణమన్న వాదము పైన చెప్పిన రూపములో బలపడినది ఈ గ్రంథముతోనే.

గమనించదగిన సంగతి ఏమిటంటే, అలీ ముత్తఖీ స్వయముగా నిరాడంబరుడైన సూఫీ. శీలమే ప్రమాణమైతే ఆయన మాటకు కూడా విలువ ఉండాలి కదా అన్న ప్రశ్న వస్తుంది. మహదవీయులు శీలమును ప్రకటనతో కలిపి చూస్తారు: తాను మహ్దీనని చెప్పినవాడు, ఆ మాట మీద ప్రాణాంతము వరకు నిలిచినవాడు, అబద్ధమాడే స్వభావము లేనివాడు.

మధ్యేవాదులు

జౌన్‌పురి గొప్ప వలీ అనీ, అయితే మహ్దీ కాడనీ తలచినవారు కొందరు ఉన్నారు. ఆధ్యాత్మిక పారవశ్యములో ఆ మాట అన్నాడనీ, తనకు కలిగిన అనుభవమును పొరబాటుగా అర్థము చేసుకున్నాడనీ, లేక 'సన్మార్గి' అన్న సాధారణార్థములోనే వాడాడనీ వీరు సమన్వయించారు. అక్బరు కాలపు చరిత్రకారుడు అబ్దుల్ ఖాదిర్ బదాయూనీ మహదవీయుడు కాకపోయినా, వారి సాధకులను ఎంతో గౌరవముగా చిత్రించాడు. 20వ శతాబ్దములో మౌలానా అబుల్ కలాం ఆజాద్ తన 'తజ్‌కిరా'లో వారిని ప్రశంసించాడు. ఈ సమన్వయము మహదవీయులకు సమ్మతము కాదు. అబద్ధమాడినవాడు వలీ కాలేడు, నిజము చెప్పినవాడైతే మహ్దీయే అన్నది వారి తర్కము. మూడవ అవకాశము, అనగా చిత్తశుద్ధితో పొరబడడము, దోషరహితుడన్న సిద్ధాంతములో ఇమడదు.

ఈ గౌరవమునకు మూలము 'దాయిరా' జీవితము. మహదవీయ సాధకులు ఊరి వెలుపల గుడిసెలలో కలిసి నివసించేవారు. లౌకికత్యాగము, దైవస్మరణ, వలస, సజ్జన సాంగత్యము, దైవముపై భారము వేయడము వారికి విధులు. స్థిరమైన ఆదాయము స్వీకరించరు. వచ్చిన దానిని అందరూ సమానముగా పంచుకొంటారు. గ్రంథములు చదవని జనమునకు ఈ పంపకమే పెద్ద వాదము.

దర్బారులలో

షేర్‌షా కుమారుడు ఇస్లాం షా కాలములో బయానాకు చెందిన షేక్ అలాయీని దర్బారుకు పిలిపించి ఉలేమాలతో వాదింపజేశారు. మఖ్దూముల్ ముల్క్‌గా ప్రసిద్ధుడైన అబ్దుల్లా సుల్తాన్‌పురి ఆయనకు మరణశిక్ష కోరాడు. సుల్తాను మాత్రము తటపటాయించి ఆయనను దక్కను సరిహద్దున ఉన్న హండియాకు పంపివేశాడు. అక్కడి అధికారి కూడా ఆయన ప్రభావములో పడ్డాడు. మళ్ళీ పిలిపించినప్పుడు, ఈ విశ్వాసమును వదిలినట్లు తన చెవిలో రహస్యముగా చెప్పినా చాలునని సుల్తాను అడిగినట్లు బదాయూనీ వ్రాశాడు. అలాయీ ఒప్పుకోలేదు. అప్పటికే వ్యాధిగ్రస్తుడై ఉన్న ఆయన 1550లో కొరడా దెబ్బలకు మరణించాడు.

1573లో గుజరాత్‌ను జయించిన అక్బరు, షేక్ ముస్తఫా గుజరాతీని తన వద్దకు రప్పించుకొని పండితులతో చర్చలు జరిపించాడు. వీటి వివరములు 'మజాలిస్' అనే పారశీక రచనలో నిలిచాయి. అయితే అది ముస్తఫా పక్షపు కథనమన్నది మరువరాదు. అహ్మద్‌నగర్ రాజ్యములో జమాల్ ఖాన్ అనే మహదవీయ సేనాని 1589 - 1591 మధ్య అధికారము చేపట్టి తన శాఖను రాజమతము చేశాడు. రోహన్‌ఖేడ్ యుద్ధములో అతని మరణముతో అది ముగిసింది.

మహదవీయులు వీటన్నిటికంటె ప్రధానముగా చూపే రుజువు ఖుంద్‌మీర్ మరణము. 1524లో గుజరాత్ సైన్యము దాయిరాపై దాడి చేసి ఆయనను, అనుచరులను చంపింది. మొదటి రోజు గెలుపు, తరువాత వీరమరణము, దేహము మూడు చోట్ల ఖననము కావడము - ఇవన్నీ జౌన్‌పురి ముందే చెప్పాడని సంప్రదాయము. ఈ జోస్యము కూడా మహదవీయుల రచనల ద్వారానే తెలుస్తోంది కనుక, నమ్మని వారికి అది రుజువుగా తోచదు.

హైదరాబాదులో

నిజాముల సైన్యములో మహదవీయ పఠానులు పేరుపడ్డ సైనికులు. సికందర్ జా కాలములో జరిగిన ఘర్షణల తరువాత వారు నగరము నుండి బహిష్కృతులై, కాలాంతరములో తిరిగి వచ్చారు. 1870లలో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్‌కు చదువు చెప్పిన మౌల్వీ ముహమ్మద్ జమాన్ ఖాన్, 'హదియా మహదవియా' అనే ఖండన గ్రంథము వ్రాసి, అందుకు కోపించిన ఒక మహదవీయుని చేతిలో హతుడయ్యాడు. మహదవీయ పండితులు ఆ గ్రంథమునకు గ్రంథములతోనే జవాబు చెప్పారు. కాని ఉద్యమ చరిత్రలో పీడితులుగా కనిపించేవారు ఇక్కడ ఆ స్థానములో లేరని చెప్పక తప్పదు.

మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడుగా నిజాము రాజ్యపు ముస్లిములందరికీ నాయకత్వము వహించిన నవాబ్ బహాదుర్ యార్ జంగ్ (1905 - 1944) మహదవీయుడే. ప్రవక్త జన్మదిన సభలలో ఆయన ఉర్దూ ప్రసంగములకు అన్ని శాఖల వారూ వచ్చేవారు. రాజకీయమునకు వచ్చేసరికి మహ్దీ ప్రశ్న పక్కకు తప్పుకొన్నది.

ఇటువంటి ప్రశ్న ప్రభుత్వ సంస్థల వరకు వెళ్ళినది అహ్మదీయుల విషయములో. ఖాదియాన్‌కు చెందిన మీర్జా గులాం అహ్మద్ (1835 - 1908) తాను మహ్దీననీ, ఒక విధమైన ప్రవక్తననీ చెప్పుకున్నాడు. ఆంధ్ర ప్రదేశ్ వక్ఫ్ బోర్డు 2012లో అహ్మదీయులు ముస్లిములు కారని తీర్మానించగా హైకోర్టు దానిని తాత్కాలికముగా నిలిపివేసింది. 2023లో బోర్డు మళ్ళీ అదే ప్రకటన చేయడముతో, మతములో ఎవరు ఉన్నారో లేదో తేల్చే అధికారము బోర్డుకు లేదని కేంద్ర అల్పసంఖ్యాక వ్యవహారాల శాఖ రాష్ట్రమునకు వ్రాసింది. ప్రవక్తనన్న మాట జౌన్‌పురి ప్రకటనలో లేనందున మహదవీయులు తమను ఆ కోవలో చేర్చడమును అంగీకరించరు.

రంజాన్ నెల 27వ రాత్రి మహదవీయులు 'దుగానా' అనే రెండు రకాతుల నమాజును విధిగా చేస్తారు. చంచల్‌గూడలోని వారి మసీదులలో అర్ధరాత్రి దాటిన తరువాత ఇది జరుగుతుంది. మిగిలిన ముస్లిములలో అధికులు మహ్దీ ఇంకా రావలసి ఉన్నాడని నమ్ముతుండగా, వచ్చి వెళ్ళాడన్న విశ్వాసముతో వీరు ఈ నమాజు ద్వారా కృతజ్ఞత తెలుపుకొంటారు.