పత్తి కట్టెలో ఎంత బొగ్గుంది?

అప్పుడే నరికిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే. బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 4,400 కిలోకేలరీల వేడినిస్తుంది. 50 శాతం తేమ ఉన్న కట్టె నుంచి దక్కేది 1,900 మాత్రమే. మండే చెక్క అందులో అరకిలోనే ఉంటుంది, ఆ నీటిని ఆవిరి చేయడానికి మరో 300 దాకా ఖర్చవుతాయి. తేమను 20 శాతానికి దింపితే 3,400 వస్తాయి. మన థర్మల్ కేంద్రాల బొగ్గులో ఉండేది సాధారణంగా 3,500 నుంచి 4,000. మనకు కొదవలేని ఎండే ఈ తేడాను చాలావరకు పూడుస్తుంది.

అలాగని కట్టెలన్నీ పునరుత్పాదక ఇంధనం కావు. కిలో ఎండు కట్టె కాలితే సుమారు 1.8 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. సుబాబుల్, సరుగుడు తోటలు మళ్లీ పెరిగి నాలుగైదేళ్లలో దాన్ని వెనక్కి తీసుకుంటాయి. అడవి చెట్టుకు అదే పనికి దశాబ్దాలు కావాలి. అందుకే చెట్టు కంటే ముందు పొలంలో మిగిలేదాని వైపు చూడాలి. దేశంలో ఇతర అవసరాలు పోగా ఏటా 23 కోట్ల టన్నుల పంట వ్యర్థాలు మిగులుతున్నాయని హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ అధ్యయనం లెక్కగట్టింది.

వాటిలో మొదట అమ్ముడుపోయింది ఊక. టన్ను వడ్లు ఆడిస్తే 200 కిలోల ఊక వస్తుంది. యూనిట్ కరెంటుకు 1.4 కిలోల చొప్పున చూస్తే, 6 మెగావాట్ల కేంద్రం రోజంతా నడవడానికి 200 టన్నుల ఊక కావాలి. అంటే రోజూ వెయ్యి టన్నుల వడ్లు ఆడాలి! పైగా వడ్లు ఉడికించే బాయిలర్ కోసం మిల్లులే ఊకను వాడుకుంటాయి, ఇటుక బట్టీలూ అడుగుతాయి. ఊకను వ్యర్థమనే రోజులు ఎప్పుడో పోయాయి.

వరిగడ్డి సంగతి వేరు. అది ముందు పశువులది, పాడి ఉన్న ఊళ్లో దాన్ని బాయిలర్‌లో వేయడం తప్పనే నా అభిప్రాయం. వేసినా చిక్కే. గడ్డిలోని పొటాష్, క్లోరిన్ వల్ల బూడిద కరిగి గడ్డకడుతుంది, గొట్టాలు తుప్పుపడతాయి.

అసలు అవకాశం పత్తి కట్టెలో ఉంది. పశువులు తినవు. పొలంలో వదిలేస్తే మిగిలిపోయిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కొని మరుసటి పంట మీద పడుతుంది. అందుకే ఆఖరి తీత కాగానే తీసేయమంటారు, రైతు నిప్పు పెడతాడు. ఎకరానికి సుమారు టన్ను ఎండు కట్టె వస్తుంది. తెలంగాణలో పత్తి 40 లక్షల ఎకరాలకు పైనే. అందులో పావు వంతు సేకరించగలిగినా 10 లక్షల టన్నులు.

కొనేవాళ్లూ ఉన్నారు. థర్మల్ కేంద్రాలు బొగ్గులో 2024-25లో 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం బయోమాస్ పెల్లెట్లు (పంట వ్యర్థాలను నొక్కి చేసిన గుళికలు) కలపాలని కేంద్ర విద్యుత్ శాఖ 2023లో నిర్దేశించింది. వెయ్యి మెగావాట్లకు 7 శాతమంటే ఏడాదికి రెండున్నర నుంచి మూడు లక్షల టన్నులు. ఆ లెక్కన రామగుండంలోని 1,600 మెగావాట్ల ఎన్టీపీసీ తెలంగాణ ప్రాజెక్టుకు కావాల్సింది ఐదు లక్షల టన్నుల లోపే. మనం లెక్కగట్టిన పావు వంతు పత్తి కట్టెలో అది సగం కూడా కాదు.

మరి కట్టె పొలంలోనే ఎందుకు కాలిపోతోంది? మోపులు కట్టిన కట్టెతో లారీ బరువుతో కాకుండా ఎత్తుతోనే నిండిపోతుంది. పది టన్నులు మోయగల బండిలో రెండు మూడు టన్నులకు మించి పట్టదు, డీజిల్ ఖర్చు మాత్రం తగ్గదు. అదే పెల్లెట్ అయితే ఘనపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది. కాబట్టి తునకలు చేసే యంత్రం ఊరి పొలిమేరకు రావాలి, పెల్లెట్ మిల్లు మండలంలోనే ఉండాలి. కాటా దగ్గర తేమ కొలిచే మీటరూ తప్పనిసరి. బరువుకే డబ్బిస్తే పచ్చి కట్టెకు లాభం, ఎండబెట్టిన రైతుకు నష్టం. 10 శాతం తేమ ఉన్న టన్నులో, 30 శాతం ఉన్న టన్ను కంటే మూడో వంతు వేడి ఎక్కువ. రైతుకిచ్చే ధరలో ఆ మూడో వంతు కనిపించాలి.