చిన్న సొట్ట – జేబు డబ్బా, బీమా డబ్బా?

హజ్, ఉమ్రా యాత్రికులను సాగనంపడానికో, తిరిగివచ్చేవారిని తోడ్కొని రావడానికో శంషాబాద్ వెళ్లని ముస్లిం కుటుంబం మన ప్రాంతంలో అరుదు. 2008 మార్చిలో బేగంపేట నుండి విమానాల రాకపోకలు ఇక్కడికి మారిన నాటి నుండి ఆ దారి మనందరికీ సుపరిచితమే. ఒక్క యాత్రికుడి కోసం మూడు కార్లలో బంధువులు రావడం, పూలదండలు, జమ్‌జమ్ డబ్బాలు, చంటిపిల్లల ఏడుపు, వెనుక నుండి హారన్లు. ఆ హడావుడిలో బంపరుకు బంపరు తగలడం పెద్ద వింతేమీ కాదు.

మాకు జరిగింది మాత్రం ఆ రద్దీలో కాదు. గత షాబాన్ మాసంలో ఉమ్రా ముగించుకుని వస్తున్న మా అమ్మగారిని తెల్లవారుజామున విమానాశ్రయంలో ఎక్కించుకుని మహబూబ్‌నగర్‌కు బయలుదేరాము. ఫజ్ర్ వేళ కావడంతో శంషాబాద్ ఊళ్లో రోడ్డు పక్కనున్న మస్జిద్ దగ్గర ఆగాము. నమాజు ముగించి, మసక చీకటిలో కారును వెనక్కి తీస్తుండగా ‘ఫట్’మని చప్పుడైంది. వెనుక ఒక పసుపు నెంబరు ప్లేటు క్యాబ్ ఆగి ఉంది. అందులో సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోతున్న డ్రైవరు ఉలిక్కిపడి లేచాడు. అతడి కారు ఎడమవైపు హెడ్‌లైటు పగిలింది, ముందు బంపరు మూల ఊడి వేలాడుతోంది. మా వెనుక బంపరుకు జానెడు పగులు, దాని చుట్టూ రంగు లేచిపోయింది.

మా నోట మొదట వెలువడిన మాట ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. “కంగారు పడకు, మాకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది” అన్నాము. అతడు కోపగించుకోలేదు. “సార్, మీ ఇన్సూరెన్సు సంగతి నాకెందుకు? నాది రాత్రి డ్యూటీ. లైటు లేకుంటే ఈ రాత్రి బండి ఎట్ల నడపాలి?” అని మాత్రం అడిగాడు. కారులో కూర్చున్న అమ్మగారు అద్దం దించి, “నాయనా, ఒక్క రాత్రికి నీకెంత మిగులుతుంది?” అని ప్రశ్నించారు. ఆ ప్రశ్న మాకు తట్టనే లేదు.

అతడి ప్రశ్నకు బీమా పత్రంలో సమాధానం ఉందా అని తర్వాత వెదికాము. ఉంది కానీ, ఆ రాత్రికి పనికివచ్చేది కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కరాదు. ఎక్కితే మొదటిసారి రెండు వేల రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా ఉండవచ్చు. ప్రైవేటు కారు ప్యాకేజీ పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి సాధారణంగా ఏడున్నర లక్షల వరకు రక్షణ ఉంటుంది. అయితే ఆ సొమ్ము పొందాలంటే నష్టపోయినవాడు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి. ఒక హెడ్‌లైటు కోసం కోర్టు మెట్లెక్కే డ్రైవరు ఎవరు? ఇక మిగిలిన మార్గం అతడు తన సొంత పాలసీ మీద క్లెయిము చేసుకోవడం. అప్పుడు తప్పు మాది, పోయే బోనసు అతనిది. “ఇన్సూరెన్స్ ఉంది కదా” అన్న మా మాటకు అసలు అర్థం అదే.

నష్టపరిహార బాధ్యతను ఫిఖ్ గ్రంథాలు ‘జమాన్’ అనే పేరుతో విపులంగా చర్చించాయి. పొరపాటున జరిగిన నష్టానికి పాపం అంటకపోవచ్చు గానీ, చేసినవాడి మీద పరిహార బాధ్యత మాత్రం నిలిచే ఉంటుందన్నది వాటి సారం. 1869–1876 మధ్య ఉస్మానీ రాజ్యంలో అహ్మద్ జౌదత్ పాషా ఆధ్వర్యంలో రూపొందిన ‘మజల్లా’ న్యాయస్మృతిలోనూ ఈ సూత్రం చోటు చేసుకుంది. దైవప్రవక్త (స) ఇంట జరిగిన ఒక సంఘటన మనలో చాలామందికి తెలిసినదే. ఒక సతీమణి పంపిన ఆహారపు పాత్రను మరొక సతీమణి చేయి విసరడంతో అది కిందపడి పగిలిపోయింది. ఆయన (స) ముక్కలను ఏరి, పాత్ర తెచ్చిన సేవకుణ్ణి ఆపి, పగలగొట్టిన వారి ఇంటి నుండే మంచి పాత్రను ఇప్పించి పంపారు. పగిలినది అదే ఇంట ఉండిపోయింది.

దుకాణాలు తెరిచేదాకా ఆగాము. విడిభాగాల దుకాణంలో హెడ్‌లైటు 3,200 రూపాయలన్నారు. బెంగళూరు హైవే పక్కనున్న ఒక డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో మిస్త్రీ బంపరును అతికించి రంగు వేయడానికి 2,500 అడిగాడు. అతడి ఒక రాత్రి మిగులుబాటు 1,500. మొత్తం 7,200 రూపాయలు. ఫోన్ ద్వారా చెల్లించాము, జాడ ఉంటుందని. ఒక తెల్లకాగితం మీద తేదీ, రెండు బండ్ల నెంబర్లు, ఏమేమి పాడైంది, ఎంత ఇచ్చింది, ఇక ఒకరిపై ఒకరికి బాకీ లేదన్న మాట రాసుకుని ఇద్దరమూ సంతకాలు చేశాము. రెండు బండ్ల ఫోటోలూ తీసుకున్నాము. బాకీ వ్యవహారాలను రాసిపెట్టుకోమని సూరా బఖరాలో ఎంత వివరంగా ఆదేశం ఉందో మనం చదువుతూనే ఉంటాము. రోడ్డు మీదికి వచ్చేసరికి మాత్రం నోటిమాటతో సరిపెట్టుకుంటాము.

ఇక్కడొక హెచ్చరిక. బీమా సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, అవతలివారికి సొమ్ము ఇవ్వడం గానీ చేయరాదన్న షరతు మన పాలసీ పత్రాల్లో ఉంటుంది. కనుక చేతి నుండి ఇచ్చుకోవాలని నిశ్చయించుకుంటే, ఆ సొమ్మును మళ్లీ బీమా నుండి రాబట్టుకోవచ్చనే ఆశ పెట్టుకోరాదు. నష్టం పెద్దదని అనుమానముంటే ముందు సంస్థకు ఫోను చేయాలి. ఇక మనిషికి గాయమైతే ఈ ఇచ్చిపుచ్చుకోవడాల మాటే ఎత్తకూడదు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం, పోలీసులకు, బీమా సంస్థకు తెలియజేయడం 134వ సెక్షను ప్రకారం డ్రైవరు విధి. లోపలి గాయం రెండు రోజుల తర్వాత బయటపడితే తెల్లకాగితం ఎవరినీ కాపాడదు.

అతడి లెక్క తేలింది. ఇక మా బంపరు.

ఒక వర్క్‌షాపులో చూపించాము. కొత్త బంపరు 5,000, రంగు 3,000, కూలీ 1,000, వెరసి 9,000 అన్నారు, పన్ను అదనం. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడే. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, “ఎట్లాగూ క్లెయిమే కదా సార్, ఆ కుడి తలుపు గీత, ఈ పాత సొట్ట కూడా ఇందులోనే రాసేద్దాం. గోడకు రాసుకుందని చెబుదాం” అన్నాడు. ఆ గీత రెండేళ్ల క్రితం మా వీధిలో పిల్లల సైకిలు వల్ల పడినది. ఇంత తేలికగా, ఇంత ప్రేమగా అబద్ధం చేతికి అందించబడుతుందని మేము అనుకోలేదు. ‘కంపెనీ సొమ్మే కదా’ అనే సమాధానం మనసులో వెంటనే మెదిలిందని కూడా దాచకుండా చెబుతున్నాము. క్లెయిము ఫారం మీద సంతకం మనది; అందులోని ప్రతి వాక్యానికీ జవాబుదారు మనమే. వద్దన్నాము. నిజంగా జరిగినంత వరకే క్లెయిము చేస్తే ఎలా ఉంటుందో ఆ రాత్రి ఇంట్లో కూర్చుని లెక్క వేశాము.

ఈ లెక్కకు మూలం ‘నో క్లెయిమ్ బోనస్’. సొంత కారు నష్టానికి కట్టే ప్రీమియంలో క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతం, వరుసగా రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం తగ్గింపు ఇస్తారు. సొంత కారుకు ఒక్క క్లెయిము చేస్తే సాధారణంగా మెట్లన్నీ జారి సున్నాకు వస్తాము. థర్డ్ పార్టీ ప్రీమియానికి ఈ తగ్గింపుతో సంబంధం లేదు.

మాకు 50 శాతం బోనసు ఉంది. తగ్గింపుకు ముందు ప్రీమియం 8,000 అనుకుందాము. మేము కడుతున్నది 4,000. క్లెయిము చేస్తే వచ్చే ఏడాది 8,000, ఆపై వరుసగా 6,400, 6,000, 5,200, 4,400 కట్టి, ఆరో ఏటికి గానీ తిరిగి 4,000కు చేరుకోము. ఐదేళ్లలో అదనంగా కట్టేది 10,000. 18 శాతం పన్నుతో 11,800. కారు విలువ ఏటేటా తగ్గుతుంది కాబట్టి అసలు మొత్తం కొంత తక్కువే కావచ్చు.

మరి బదులుగా వచ్చేదెంత? ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగుదల కింద సగం కోస్తారు: బంపరులో 2,500 పోయింది. రంగు ఖర్చులో నాలుగో వంతును సామగ్రిగా లెక్కించి అందులో సగం, అంటే 375. ఇవిగాక 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిములోనూ మనం భరించవలసిన 1,000. తొమ్మిది వేల బిల్లుకు మాకు దక్కేది 5,125 రూపాయలు. దాని కోసం పదకొండు వేల చిల్లర పోగొట్టుకోవడం!

అయితే ఇదే లెక్క అందరికీ వర్తించదు. నిరుడు కారు కొన్న మా మేనల్లుడికి ఇంకా బోనసు ఏమీ జమ కాలేదు. అంతే ప్రీమియంతో చూస్తే, క్లెయిము వల్ల అతడు ఒక మెట్టు వెనుకబడతాడు. రాబోయే ఐదేళ్లలో మొత్తం నష్టం 4,000, పన్నుతో 4,720. పైగా అతడిది తరుగుదల కోయని ‘జీరో డిప్రిసియేషన్’ పాలసీ కాబట్టి అదే బిల్లుకు ఎనిమిది వేల దాకా వస్తుంది. అతడు క్లెయిము చేయడమే లాభం. బోనసును కాపాడే అదనపు రక్షణ కొన్నవారి సంగతీ వేరే. మరొకటి, కొత్త కార్లలో బంపరు వెనుక సెన్సార్లు, కెమెరాలు ఉంటున్నాయి. పైకి జానెడు పగులే కనిపించినా, విప్పి చూడకుండా ‘చిన్నదే’ అని తీర్మానించుకోవద్దు.

క్లెయిము చేసి, రెన్యువల్‌లో మరో సంస్థకు మారి, ‘క్లెయిము లేదు’ అని రాసి బోనసు నిలుపుకునేవారు కూడా ఉన్నారు. ఇది పట్టుబడితే తర్వాతి పెద్ద ప్రమాదంలో సంస్థ సొంత కారు క్లెయిమును తిరస్కరించవచ్చు, కోత పెట్టవచ్చు. పట్టుబడకపోయినా ఆ రాత ఏమిటో మనకు తెలుసు.

అసలు బీమా సొమ్ము తీసుకోవచ్చా అని మా చెల్లెలు అడిగింది. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, అనిశ్చితి అధికంగా ఉన్నందున వాణిజ్య బీమాను నిషిద్ధమని తీర్మానించి, సహకార పద్ధతిని ప్రత్యామ్నాయంగా చూపింది. అంతకుముందే షేఖ్ ముస్తఫా జర్ఖా వంటి పండితులు బీమా సమ్మతమేనని వాదించి ఉన్నారు. సూడాన్‌లో 1979లో సహకార బీమా సంస్థ వెలసింది, మలేషియా 1984లోనే తకాఫుల్ చట్టం చేసింది. మన దేశంలో మోటారు వాహనాలకు అలాంటి పాలసీ దొరకదు; చట్టం మాత్రం బీమా తప్పదంటుంది. చట్టం తప్పనిసరి చేసినంత వరకు తీసుకోవచ్చునని చాలామంది ఉలమా అంటారు. క్లెయిము సొమ్ములో మనం కట్టిన ప్రీమియం మేరకే వాడుకోవాలనే ముఫ్తీలూ ఉన్నారు. చెల్లెలికి మేము ఫత్వా ఇవ్వలేదు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగమన్నాము. ఏ అభిప్రాయం పాటించినా, తొమ్మిది వేల బిల్లును పదిహేను వేలుగా చూపడానికి అనుమతిచ్చిన పండితుడు మాత్రం మాకు తారసపడలేదు.

న్యాయమైన క్లెయిమును సంస్థ అన్యాయంగా తిరస్కరిస్తే ఊరుకోవలసిన పని లేదు. ముందు సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయాలి. నెల గడిచినా జవాబు రాకుంటే, వచ్చినది సంతృప్తికరంగా లేకుంటే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. మోసం చేయడానికి చూపే ఓపికలో సగం ఇక్కడ చూపితే చాలామంది హక్కు వారికి దక్కేది.

మా బంపరు మార్చలేదు. మహబూబ్‌నగర్‌లో తెలిసిన మిస్త్రీ ప్లాస్టిక్ వెల్డింగు చేసి రంగు కొట్టి 2,800 తీసుకున్నాడు. రంగు కొంచెం తేడా వచ్చింది. ఎండలో చూస్తే కనిపిస్తుంది. పిల్లలు దాన్ని ‘దాదీ ఉమ్రా మచ్చ’ అంటున్నారు. శంషాబాద్ డ్రైవరు ఆ మరుసటి రాత్రే వెలుగుతున్న హెడ్‌లైటు ఫోటో పంపాడు. షవ్వాల్‌లో మా చిన్నాన్న దుబాయి నుండి వస్తున్నారు. విమానాశ్రయం నుండి ఆయనను తీసుకురమ్మని అతడికే చెప్పాము.