యుగంధర్ నవలలు

ఒకప్పుడు పిల్లల చేతిలో డిటెక్టివ్ నవల కనబడితే పెద్దలు కోపగించేవారు. పాఠ్యపుస్తకం మధ్య దాచుకొని చదివినవారిలో నేనూ ఒకడిని.

ఇటువంటి నవలలలో పేరుపొందినవి కొమ్మూరి సాంబశివరావు (1926–1994) రచనలు. ప్రతి నవలలోనూ నేరం మారుతుంది, నేరస్థుడు మారతాడు. డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు, పోలీసు ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు మాత్రం మారరు. కథలు జరిగేది మద్రాసులో. తెలుగునాటికి వెలుపల ఉన్న మనకు అదొక ముచ్చట!

నేరస్థుడు చివరకు పట్టుబడతాడని పాఠకునికి ముందే తెలుసు. మరి పుస్తకం ఎందుకు వదలడు? యుగంధర్ చూసినవే మనమూ చూస్తాము. మనకు తోచనిది అతనికెట్లా తోచింది? ఆసక్తి అంతా అక్కడే ఉంది. బెంగళూరు అవెన్యూ రోడ్డులో నేను కొన్న పాత నవలకు చివరి పుటలు లేవు. హంతకుడెవరో తేల్చడానికి మొదటినుండి మూడుసార్లు చదివాను.

పరిచయస్థుణ్ణి మళ్ళీ కలుసుకొనే సంతోషం మరొకటి. ఇంగ్లండులో కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను కథలో చంపివేస్తే పాఠకులు ఊరుకోలేదు. 1903లో తిరిగి బ్రతికించవలసి వచ్చింది.

ఈ నవలలలో వర్ణనలు తక్కువ, పాత్రల మనసులోతులు ఇంకా తక్కువ. కాని వాక్యాలు చిన్నవి, మాటలు ఇంట్లో వినేవే. బడిలో తెలుగు వాచకం తప్ప మరొకటి ఎరుగని నేను, నిఘంటువు తెరవకుండా పూర్తిచేసిన మొదటి తెలుగు పుస్తకం ఆ పుటలు చిరిగిన నవలే.