పొట్టేలు ముందు చపాతీ

బక్రీద్ దగ్గరపడితే నాంపల్లి సందుల్లో, ఆబిడ్స్ వెనక వీధుల్లో ఇళ్ల ముందు పొట్టేళ్లు కట్టేసి కనిపిస్తాయి. నిన్నటిదాకా తుమ్మచెట్ల కింద, కోసేసిన చేలల్లో మేసిన జీవాలవి. ఇంటిల్లిపాదీ ముద్దుచేస్తూ చపాతీ, రాత్రి మిగిలిన అన్నం, బత్తాయి తొక్కలు పెడతారు. పొట్టేలు వాసన చూసి, పెదవితో కాస్త కదిపి వదిలేస్తుంది. దీనికి పొగరంటారు పిల్లలు. నిజానికి అది పరీక్ష పెడుతోంది.

గొర్రె పైపెదవి మధ్యలో చీలి ఉంటుంది. అందుకే ఒక్కొక్క ఆకునూ ఏరుకోగలదు. ఆవులా నాలుక చుట్టి గడ్డిని లాక్కోవలసిన పనిలేదు. దాణాలో తెలియనిదేదైనా కలిపారా, తెలిసిందంతా ఏరుకు తిని మిగతాది తొట్టి అడుగున ఉంచుతుంది. ఎండాకాలంలో కంది పొట్టు, వేరుశనగ కట్టె, పత్తిగింజల చెక్కతో మందను నెట్టుకొచ్చే కాపరులకు ఈ ఏరుడు బాగా తెలుసు. 2019 పశుగణనలో కోటీ 90 లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఇన్నింటికి పచ్చిక ఎక్కడిది?

కొత్త మేత మంచిదో చెడ్డదో గొర్రెకు చెప్పేది కడుపే. కొంచెం తిని ఆగుతుంది. ఒంట్లో సత్తువ చేరితే మరికాస్త తింటుంది, వికారం పుడితే ఆ రుచిని గుర్తుపెట్టుకుని మళ్లీ ముట్టదు. అమెరికాలో ఉటా స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఫ్రెడ్ ప్రొవెంజా బృందం ఉత్త గడ్డికి ఒక రుచి పట్టించి గొర్రెపిల్లలకు పెట్టింది, తిన్నప్పుడు వాటి పొట్టలోకి నేరుగా పిండిపదార్థం ఎక్కించింది. నాలుకకు పిండి తగలకపోయినా, తర్వాత ఆ పిల్లలు ఆ రుచి గడ్డినే కోరుకున్నాయి.

కడుపు కంటే ముందు తల్లి నేర్పుతుంది. ఆస్ట్రేలియాలో తల్లితో కలిసి గోధుమలు తిన్న పిల్లలు దాదాపు మూడేళ్ల తర్వాత కూడా వాటిని గుర్తుపట్టి తిన్నాయని 1984లో ఒక అధ్యయనం తేల్చింది. గొర్రెదాటు అని మనం వెక్కిరిస్తాం గానీ, విషపు మొక్కల మధ్య మేసే జీవానికి ముందున్నదాన్ని చూసి తినడం కన్నా తెలివైన పని ఏముంది?

అసలు చిక్కు అన్నం నచ్చినప్పుడే మొదలవుతుంది. గొర్రె పెద్దపొట్టలో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవుల లోకం ఒకటుంది. గడ్డి తిన్న రోజు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది, ఆ నమలుడుకు లీటర్లకొద్దీ ఊరే లాలాజలం పొట్టలోని పులుపును విరుస్తుంది. అన్నానికి, రొట్టెకు నమలుడు తక్కువ, లాలాజలమూ తక్కువే. పైగా పిండి చకచకా పులిసి లాక్టిక్ ఆమ్లమవుతుంది. పొట్టేలు డీలా పడి, మేత మానేసి, ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. బత్తాయి తొక్క కొంత నయం. అందులోని పెక్టిన్ వేగంగా పులిసినా లాక్టిక్ ఆమ్లం అంతగా పుట్టదు. మొజంజాహీ మార్కెట్ చుట్టుపక్కల జ్యూస్ బండి నుంచి తొక్కలు తెచ్చినా, గడ్డి మానకుండా మొదటిరోజు గుప్పెడే వేయాలి. సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటుపడటానికి వారం, పది రోజులైనా పడుతుంది.

సందులో ఒంటరిగా కట్టేసిన పొట్టేలుకు తల్లీ లేదు, మందా లేదు. అప్పటికే తొక్కలు మరిగిన పక్కింటి జీవాన్ని తెచ్చి పక్కన కట్టి చూడండి. కాసేపు దాని మూతివంకే చూసి, ఇదీ మెల్లగా తల వంచుతుంది.